కమీషన్ వాళ్లది... పన్ను మనది!

పదివేల రూపాయల పని చేస్తే చేతికొచ్చింది 7,640 రూపాయలు. నరసరావుపేటలో మా వీధిలోనే ఉండే ఒక అమ్మాయి ఆమధ్య ఈ లెక్క నాకు ఫోన్‌లో చూపించింది. డిగ్రీ చదివింది, ఇద్దరు చిన్నపిల్లలు. పిల్లలు బడికెళ్లాక ఇంట్లో కూర్చుని పై దేశాల వాళ్ల వీడియోలకి కింద వచ్చే అక్షరాలు, అదే సబ్‌టైటిల్స్ రాస్తుంది. పని ఇప్పించేది ఒక విదేశీ వెబ్‌సైట్. వాళ్లు తమ కమీషన్ కింద 2,000 పట్టుకున్నారు. అది చేరేటప్పుడు ఒప్పుకున్నదే కాబట్టి ఆమెకి పేచీ లేదు. దాని కింద ఇంకో చిన్న పద్దు ఉంది. జి.ఎస్.టి. 18 శాతం, 360 రూపాయలు.

"ఇదేంటక్కా, నా సంపాదన ఏడాదికి లక్షన్నర కూడా లేదు. ఇరవై లక్షలు దాటితేనే జి.ఎస్.టి. అన్నారు గదా, మరి నా దగ్గరెందుకు పట్టారు?" అని అడిగింది.

అడగాల్సిన ప్రశ్నే. ఇలా ఇంటి పట్టున ఉండి ఆన్‌లైన్‌లో పని చేసుకునే ఆడవాళ్లు ఇప్పుడు గుంటూరు, తెనాలి, చిలకలూరిపేట, ఒంగోలు ఎక్కడ చూసినా ఉన్నారు. లోగోలు గీసేవాళ్లు, అనువాదాలు చేసేవాళ్లు, ఎవరివో లెక్కలు కంప్యూటర్లో ఎక్కించేవాళ్లు, గొంతు అరువిచ్చేవాళ్లు. కమీషన్ ఎంతో వాళ్లకి తెలుసు. ఫైవర్ అయితే పని చేసినవాళ్ల దగ్గర 20 శాతం తీసుకుంటుంది. అప్‌వర్క్ 2023 మేలో అందరికీ ఒకటే లెక్కన 10 శాతం చేసి, 2025 మే నుంచి కొత్త ఒప్పందాలకి పనిని బట్టి సున్నా నుంచి 15 శాతం దాకా అంది. ఈ ఫీజు మీద పన్ను మాత్రం చాలామంది చూడరు. చూసినా "గవర్నమెంటుది లెండి, తప్పుతుందా" అని వదిలేస్తారు. ఎందుకు కడుతున్నామో తెలిసి కడితే ఒక పద్ధతి.

రెండు అమ్మకాలు, రెండు పన్నులు

ఆ అమ్మాయి బిల్లులో రెండు అమ్మకాలున్నాయి. ఒకటి, ఆమె తన పనిని ఆ విదేశీ మనిషికి అమ్మింది. రెండోది, వెబ్‌సైట్ కంపెనీ తన సేవను ఆమెకి అమ్మింది. పని వెతికిపెట్టడం, డబ్బు వసూలు చేసి పంపడం, తగాదా వస్తే చూడడం, అదీ ఆ సేవ. ఇరవై లక్షల మినహాయింపు మొదటి అమ్మకానికి. అక్కడ అమ్మింది ఆమె, ఆమె చిన్నది, కాబట్టి పన్ను లేదు. రెండో అమ్మకంలో అమ్మింది కంపెనీ. కంపెనీ చిన్నది కాదు. ఆమె కేవలం కొనేది. సబ్బు కొన్నా, బిస్కెట్ కొన్నా మనం పన్ను కట్టడం లేదా, ఆ వరసలోనే కమీషన్ కొన్నందుకు కట్టింది.

చట్టం చెప్పే సమాధానం ఇంతే. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. అది తెలియాలంటే విలువ ఆధారిత పన్ను, మనం వ్యాట్ అని పిలిచేది, ఎలా నడుస్తుందో చూడాలి. పేరు మారింది గానీ జి.ఎస్.టి. కూడా ఆ జాతిదే. ఫ్రాన్సులో 1954లో మొదలైంది. మన రాష్ట్రంలో అమ్మకం పన్ను పోయి 2005 ఏప్రిల్ 1న వ్యాట్ వచ్చింది, 2017 జూలై 1న అదీ పోయి జి.ఎస్.టి. వచ్చింది.

కారం మిల్లును తీసుకోండి. మిల్లు ఓనరు ఎండుమిరపకాయలు వ్యాపారి దగ్గర 5 శాతం పన్ను కట్టి కొంటాడు. కారం ఆడించి ప్యాకెట్లు కట్టి మళ్లీ 5 శాతం పన్ను వేసి అమ్ముతాడు. ఆ రెండో పన్నులోంచి తను ముందు కట్టిన పన్నును తీసేసుకుని మిగిలింది మాత్రమే సర్కారుకి కడతాడు. అంటే తను చేర్చిన విలువకే పన్ను. ఆయన తర్వాత హోల్‌సేల్ వాడు, ఆ తర్వాత కొట్టువాడు, అందరిదీ ఇదే లెక్క. ఈ గొలుసు చివర ఎవరి దగ్గర ఆగుతుంది? కారం కొని కూరలో వేసుకునే మన దగ్గర. మనకి వెనక్కి తీసుకునే దారి లేదు. మొత్తం పన్ను మోసేది మనమే. వినియోగదారు మీద పన్ను అనేది అందుకే.

మెలిక ఇక్కడుంది. రిజిస్ట్రేషన్ లేని మా వీధి అమ్మాయిని చట్టం ఆ కూరలో కారం వేసుకునే మనిషి కిందే లెక్కకడుతోంది. కానీ ఆమె ఆ కమీషన్‌ని తినడం లేదు, కట్టడం లేదు, పూసుకోవడం లేదు. దాన్ని పెట్టుబడిగా పెట్టి ఇంకో సరుకు తయారుచేసి అమ్ముతోంది. ఆమె మిల్లు ఓనరు లాంటిది. అయినా ఆయనకున్న మినహాయింపు ఆమెకి లేదు. తను కట్టిన 360 ఆమె సొంత కూలిలోంచి పోయినట్టే. నెలకి పదివేల పని చేస్తే ఏడాదికి 4,320 రూపాయలు. పెద్ద మొత్తమా అని అడిగేవాళ్లుంటారు. చిన్నపిల్ల బడి ఫీజు ఒక టర్ముది, గ్యాసు బండలు నాలుగైదు. ఇంట్లో లెక్కరాసే వాళ్లకి అది ఎంతో తెలుసు.

పత్తి మిల్లు పాఠం

ఈ పన్ను ఈ రూపంలోకి రావడానికి ఒక చరిత్ర ఉంది. మొదట్లో విదేశీ కంపెనీలు ఆన్‌లైన్‌లో మన ఇళ్లకి అమ్మే సేవల మీద పన్ను పడేది కాదు. ఇక్కడి కంపెనీ అయితే సర్వీసు పన్ను కట్టాలి, అమెరికా కంపెనీ అయితే అక్కర్లేదు. ఇది అన్యాయమని 2016 డిసెంబరు 1 నుంచి విదేశీ ఆన్‌లైన్ సేవలనీ సర్వీసు పన్నులోకి తెచ్చారు. అప్పుడు 15 శాతం. జి.ఎస్.టి. వచ్చాక 18. ఐరోపా దేశాలు కూడా 2015 జనవరి నుంచే ఆన్‌లైన్ సేవలకి అమ్మేవాడి దేశం కాకుండా కొనేవాడి దేశం పన్ను వెయ్యాలని మార్చుకున్నాయి. ఈ గాలి మనవైపే కాదు, ప్రపంచమంతా వీచింది.

అయితే విదేశీ కంపెనీ మన దేశంలో ఉండదు, పన్ను ఎవరు కడతారు? దీనికి మన పత్తి రైతుల వల్ల మనకి బాగా తెలిసిన కిటుకు ఒకటి ఉంది. రివర్స్ ఛార్జ్. మామూలుగా అమ్మినవాడు పన్ను కట్టాలి. రైతు పత్తి అమ్మితే రైతు దగ్గరకెళ్లి పన్ను అడగలేరు గదా. అందుకని 2017 నవంబరు 15 నుంచి రైతు దగ్గర పత్తి కొన్న రిజిస్టర్డ్ వ్యాపారి, అంటే జిన్నింగు మిల్లు, ఆ 5 శాతం తనే కట్టాలన్నారు. పన్ను భారం తిరగబడి కొన్నవాడి మీద పడింది. గుంటూరు, పల్నాడు జిల్లాల్లో జిన్నింగు మిల్లులున్న ఊళ్లలో ఎవర్నడిగినా దీని సంగతి చెబుతారు. ముందు చేతి డబ్బు కట్టాలి, తర్వాత అమ్మకం పన్నులో తీసుకోవాలి.

విదేశీ సేవలకీ ఇదే సూత్రం పెట్టారు. విదేశీ కంపెనీ సేవ కొన్న వ్యాపారస్థులు తామే పన్ను కట్టాలి. వ్యాపారం కోసం కాకుండా సొంతానికి కొన్న మామూలు జనం విషయంలో మాత్రం ఆ కంపెనీయే మన దేశంలో రిజిస్టరై కట్టాలి. బాగుంది. మరి ఇంట్లో కూర్చుని పని చేసుకునే అమ్మాయి ఎవరు? వ్యాపారస్థురాలా, మామూలు జనమా? కాగితం మీద చూస్తే వ్యాపారం కోసమే సైట్ సేవ వాడుతోంది గనక రివర్స్ ఛార్జ్ తనదే. రివర్స్ ఛార్జ్ కట్టాల్సిన వాళ్లకి ఇరవై లక్షల మినహాయింపే లేదు, మొదటి రూపాయి నుంచీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి! జిన్నింగు మిల్లుకి పెట్టిన రూలు గ్యాసు పొయ్యి పక్కన లాప్‌టాప్ పెట్టుకున్న ఆడమనిషికీ పెట్టారన్నమాట. ఆరేళ్లకి పైగా చట్టం ఇలానే ఉంది. ఎంతమంది దీన్ని పాటించి ఉంటారంటారు?

2023 అక్టోబరు 1న దీన్ని సరిచేశారు. కొన్నది సొంతానికా, వ్యాపారానికా అన్న తేడా తీసేశారు. రిజిస్ట్రేషన్ లేని వాళ్లెవరు కొన్నా పన్ను కట్టే బాధ్యత విదేశీ కంపెనీదే. ఆ కంపెనీలు ఇక్కడ ఆఫీసు పెట్టనక్కర్లేదు, వాళ్ల రిజిస్ట్రేషన్ వ్యవహారమంతా బెంగుళూరు పశ్చిమ కేంద్ర పన్నుల కార్యాలయం చూస్తుంది. ఈ మార్పు మంచిదే. మన ఆడవాళ్లకి పెద్ద తలనొప్పి తప్పింది. కాగితాల పని కంపెనీకి పోయింది, డబ్బు మాత్రం మన దగ్గరే ఉంది. కంపెనీ తన జేబులోంచి ఎందుకు కడుతుంది? బిల్లులో ఒక పద్దు చేర్చింది. ఆ 360 అలా వచ్చినదే.

ఇలాంటి కంపెనీ అందించేది సేవా, లేక అది వట్టి మధ్యవర్తా అని లాయర్లు వాదించుకోవడానికి సందు ఇంకా ఉంది. మధ్యవర్తి అయితే పన్ను లెక్క వేరుగా ఉండేది. ఆ తేడా కూడా తీసెయ్యాలని 2025 సెప్టెంబరు 3న జరిగిన జి.ఎస్.టి. కౌన్సిల్ 56వ సమావేశం సిఫార్సు చేసింది గనక అటు తిరిగినా ఇటు తిరిగినా మన బిల్లులో ఆ పద్దు ఉండేదే. ఇక్కడి కంపెనీ సైట్ అయినా అంతే, ఫీజు మీద 18 శాతం వేస్తుంది.

మిర్చి యార్డులో లేని పన్ను

ఆసియాలోనే పెద్దదని పేరున్న గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లి చూడండి. రైతు టిక్కీలు దింపుతాడు. కమీషన్ ఏజెంటు సరుకు చూపించి కొనేవాణ్ణి తెస్తాడు, కాటా వేయిస్తాడు, డబ్బు వసూలు చేసి కమీషన్ పట్టుకుని మిగతాది ఇస్తాడు. కమీషన్, ముఠా కూలి, కాటా, ఇలా అన్ని పద్దులూ రాసిన పట్టీ రైతు చేతికిస్తాడు. ఆ పట్టీని, మా వీధి అమ్మాయి ఫోన్‌లో ఉన్న బిల్లుని పక్కపక్కన పెట్టండి. పని ఒకటే. సరుకు ఉన్నవాడికి, కొనేవాడికి మధ్య నిలబడి పని జరిపించి రుసుము తీసుకోవడం. కానీ రైతు పట్టీలో కమీషన్ మీద జి.ఎస్.టి. పద్దు ఉండదు. వ్యవసాయ ఉత్పత్తులు అమ్మిపెట్టే కమీషన్ ఏజెంటు సేవకి, మార్కెట్ కమిటీ సేవలకి 2017లోనే పన్ను తీసేశారు. 12వ నెంబరు నోటిఫికేషన్‌లో 54వ అంశం, చూడాలనుకునే వాళ్లకి.

ఎందుకు తీసేశారు? కమీషన్ మీద పన్ను వేస్తే అది ఏజెంటు జేబులోంచి రాదు, రైతు ధరలోంచి కోత పడుతుంది. రైతుకి రిజిస్ట్రేషన్ ఉండదు గనక దాన్ని వెనక్కి తీసుకోలేడు. అక్షరాలా ఇదే పరిస్థితి ఇంటి నుంచి పని చేసుకునే ఆడవాళ్లది.

వ్యవసాయం వేరు, కంప్యూటర్ పని వేరు అంటారేమో. వేరే, ఒప్పుకుంటాను. వాన రాక, పురుగు పట్టి, ధర పడి రైతు పడే బాధ ఇంకెవరికీ ఉండదు. అయితే కూలి లెక్కన చూడండి. కోల్డ్ స్టోరేజీల దగ్గర, వ్యాపారుల గోడౌన్లలో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లకి కిలోకింత అని ఇస్తారు. ఘాటుకి కళ్లు మండుతున్నా, చేతులు కాలుతున్నా ఎన్ని కిలోలు తీస్తే అంత. మా వీధి అమ్మాయికి వీడియో నిమిషానికింత అని ఇస్తారు. కళ్లు లాగుతున్నా ఎన్ని నిమిషాలు రాస్తే అంత. చదువు తేడా తప్ప ఇద్దరివీ ముక్కకూలి బతుకులే. తొడిమలు తీసే ఆవిడ కూలిలో జి.ఎస్.టి. కోత ఉండదు.

నేను కథలు రాస్తాను కాబట్టి ఇంకో సంగతి తెలుసు. రచయిత తన పుస్తకం మీద హక్కు ప్రచురణకర్తకి ఇచ్చి పారితోషికం తీసుకుంటే దాని మీద పన్ను కట్టే బాధ్యత 2017 నుంచీ ప్రచురణకర్తదే. పత్తి మిల్లు సూత్రమే ఇక్కడా. రచయితలకి లెక్కలు రావని దయతలిచారో ఏమో! పత్తి రైతు, మిర్చి రైతు, కథలు రాసేవాళ్లు, వీళ్లందరి దగ్గరా చట్టం ఆగి ఆలోచించింది. పత్తి, కథల విషయంలో అది అమ్మకం మీద పన్ను, మనం మాట్లాడేది కొన్న సేవ మీద పన్ను, కాబట్టి అచ్చంగా ఒకటి కాదు. మిర్చి కమీషన్ మాత్రం అచ్చంగా ఒకటే.

రిజిస్ట్రేషన్ తీసుకుంటే పోదా?

పోతుంది, కొందరికి. సలహా ఇచ్చేవాళ్లందరూ ముందు చెప్పేది ఇదే. రిజిస్ట్రేషన్ నెంబరు సైట్‌లో ఇస్తే విదేశీ కంపెనీ పన్ను పట్టుకోకూడదు. రివర్స్ ఛార్జ్ కింద మీరే కట్టి, మళ్లీ క్రెడిట్‌గా తీసుకోవాలి. మీ పని కొనేవాళ్లు విదేశీయులైతే, డబ్బు విదేశీ మారకంలో వస్తే మీ పని ఎగుమతి కింద లెక్క, దాని మీద పన్ను సున్నా. ఏటేటా ఒక పూచీపత్రం ఆన్‌లైన్‌లో ఇస్తే చాలు. అప్పుడు మీరు కమీషన్ మీద కట్టిన పన్ను వాపసు అడగొచ్చు. రూలు ప్రకారం 60 రోజుల్లో ఇవ్వాలి. అయితే ముందు చేతిలోంచి డబ్బుగా కట్టాలి సుమా. జిన్నింగు మిల్లుకి బ్యాంకు ఓ.డి. ఉంటుంది. మనకి పోపుల డబ్బా ఉంటుంది.

నెలకి లక్ష రూపాయల విదేశీ పని చేసేవాళ్లకి, కమీషన్ 20 శాతమైతే పన్ను 3,600 అవుతుంది. ఏడాదికి 43,200. వాళ్లు రిజిస్ట్రేషన్ తీసుకుంటే లాభమే. పదివేల పని చేసే అమ్మాయికి వాపసు వచ్చేది 4,320. మూడు నెలలకోసారి లెక్కలు దాఖలు చెయ్యడానికి ఆడిటరుగారికి ఇచ్చేది అంతకన్నా ఎక్కువే అవుతుంది. పిల్లవాడికి జ్వరమొచ్చి మూడు నెలలు ఏ పనీ చెయ్యకపోయినా సున్నా లెక్క పంపాల్సిందే, ఆలస్యమైతే రోజుకి 20 రూపాయల చొప్పున జరిమానా. అదే మన దేశంలోని వాళ్లకి పని చేసేవాళ్లైతే ఇంకో చిక్కు. రిజిస్టరైన మరుక్షణం మీ పని ధర మీద కూడా 18 శాతం వెయ్యాలి. పక్కనే రిజిస్ట్రేషన్ లేని ఇంకొకరు 18 శాతం తక్కువకి చేస్తుంటే మీకు పనెవరిస్తారు?

ఏతావాతా తేలేదేమిటంటే, ఎక్కువ సంపాదించేవాళ్లకి పన్ను తిరిగొస్తుంది, తక్కువ సంపాదించేవాళ్లకి రాదు. చిన్నవాళ్లకి మేలు చెయ్యాలని పెట్టిన ఇరవై లక్షల గీత ఈ ఒక్క విషయంలో వాళ్లనే బయట నిలబెట్టింది. ఆదాయపు పన్నులో ఆ 360ని ఖర్చుగా చూపించుకోవచ్చు నిజమే, కానీ లక్షా ఇరవై వేల ఆదాయానికి అసలు పన్నే పడదు, ఖర్చు చూపించి ఏం లాభం?

రిజిస్ట్రేషన్ అనుకున్నంత తేలికా అంటే, 2025 నవంబరు 1 నుంచి చిన్నవాళ్లకి మూడు పనిరోజుల్లో ఇచ్చే పద్ధతి పెట్టారు. ఆన్‌లైన్‌లో సంగతి అది. ఇంట్లో సంగతి వేరు. వ్యాపారం జరిగే చోటుకి రుజువు కావాలి. కరెంటు బిల్లు మామగారి పేరు మీదో, ఇంటి ఓనరు పేరు మీదో ఉంటుంది. వాళ్లు అభ్యంతరం లేదని కాగితం రాసివ్వాలి. "మన ఇంటి అడ్రసు మీద వ్యాపారమేంటమ్మా, రేపు సేల్స్‌టాక్స్ వాళ్లు వస్తే?" అనే మామగారికి ఎవరు చెప్పి ఒప్పించాలి?

పేరు ఎవరిది?

అన్నిటికన్నా భయం వేసే సంగతి ఇది. చాలామంది ఆడవాళ్లు పని తాము చేస్తారు, సైట్‌లో ఖాతా మాత్రం భర్త పేరు మీదో అన్నయ్య పేరు మీదో ఉంటుంది. పాన్ కార్డు ఆయనకుంది, బ్యాంకు ఖాతా ఆయనకుంది, అదే తేలిక అనిపిస్తుంది. జి.ఎస్.టి. చూసేది ఆ పాన్ నెంబరునే. ఒక పాన్ మీద దేశంలో ఎక్కడ ఏం అమ్మినా అంతా కలిపి ఒకటే టర్నోవరు.

చిలకలూరిపేటలో ఆయనకి ఎరువుల కొట్టు ఉందనుకోండి. కొట్టుకి రిజిస్ట్రేషన్ ఉంది. ఇల్లాలు ఆయన పేరు మీద నెలకి ఎనిమిది వేలు సంపాదిస్తే అది చట్టం దృష్టిలో ఆయన అమ్మకమే. ఆమె పేరు మీద ఉంటే ఇరవై లక్షల దాకా ఊసే లేని పన్ను, ఆయన పేరు మీద మొదటి రూపాయి నుంచీ వెయ్యాలి. ఆయన కాంపొజిషన్ స్కీములో ఉంటే ఇంకా ప్రమాదం. ఆ స్కీములో ఉన్నవాళ్లు రాష్ట్రం దాటి సరుకు గానీ సేవ గానీ అమ్మకూడదు. ఆమె బెంగుళూరు వాళ్లకో లండన్ వాళ్లకో చేసిన చిన్న పని ఆయన కొట్టు స్కీముకే ఎసరు పెడుతుంది. రేపు నోటీసు వచ్చిన రోజున ఇంట్లో ఎవరి మాట ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. ఖాతా, పాన్, బ్యాంకు మూడూ పని చేసేవాళ్ల పేరు మీదే ఉండాలి. సంపాదన ఎవరిదో నలుగురికీ తెలియడం కూడా మంచిదే.

ఇరవై లక్షలు లెక్కపెట్టేటప్పుడు ఇంకోటి గుర్తుంచుకోవాలి. చేతికొచ్చిన డబ్బు కాదు లెక్క, పని కొన్నవాళ్లు ఇచ్చిన మొత్తం లెక్క. కమీషన్ పోగా పదహారు లక్షలే వచ్చాయని ధీమాగా ఉంటే, కమీషన్ 20 శాతమైన చోట అసలు మొత్తం అప్పటికే ఇరవై లక్షలు. ఎగుమతి మీద పన్ను సున్నా అయినా అదీ ఈ లెక్కలోకి వస్తుంది. మీ పేరు మీద అద్దెకిచ్చిన ఇల్లుంటే ఆ అద్దె కూడా.

సందర్భం వచ్చింది గనక పచ్చళ్లు, కారాలు అమ్మేవాళ్లకి ఒక మాట. పైన చెప్పినదంతా పనికి, అంటే సేవకి. సేవ రాష్ట్రం దాటినా, సైట్ ద్వారా అమ్మినా ఇరవై లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదని 2017 అక్టోబరు, నవంబరు నెలల్లోనే సడలింపులిచ్చారు. సరుకుకి ఆ వెసులుబాటు లేదు. ఆన్‌లైన్ కంపెనీ ద్వారా సరుకు అమ్మే చిన్నవాళ్లకి 2023 అక్టోబరు 1 నుంచి రిజిస్ట్రేషన్ తీసేశారు గానీ, అదీ రాష్ట్రంలోపల అమ్మితేనే. గుంటూరు నుంచి విశాఖపట్నం ఆవకాయ పంపితే ఫరవాలేదు, హైదరాబాదు పంపితే రిజిస్ట్రేషన్ కావాలి. 2014 దాకా ఒకే రాష్ట్రం, ఇప్పుడు హైదరాబాదులో ఉన్న మన పిల్లలకి కారం పంపినా సొంత వాడకం కాబట్టి బాధ లేదు గానీ అమ్మకమైతే పరరాష్ట్రమే.

ఏం అడగాలి?

మన కోరిక పెద్దదేం కాదు. ఏడాదికి ఇరవై లక్షల లోపు పని చేసుకుంటూ రిజిస్ట్రేషన్ లేని మనిషి దగ్గర, పని ఇప్పించే సైట్ తీసుకునే ఫీజు మీద పన్ను వద్దు. మిర్చి యార్డు కమీషన్‌కి ఇచ్చిన మినహాయింపు లాంటిదే ఇంకొకటి. ఇది చట్టం మార్చాల్సిన పని కూడా కాదు, కౌన్సిల్ సిఫార్సు చేస్తే నోటిఫికేషన్‌తో అయ్యేది.

అడ్డు చెప్పేవాళ్ల మాట కూడా వినాలి. విదేశీ కంపెనీకి పన్ను తీసేస్తే ఇక్కడి కంపెనీకి అన్యాయం కదా అంటారు. 2016లో పన్ను పెట్టింది ఆ వాదనతోనే. నిజమే, అందుకే మినహాయింపు ఇద్దరికీ ఒకేసారి ఇవ్వాలి. ఎవరు చిన్నవాళ్లో కంపెనీకి ఎలా తెలుస్తుందంటారు. పాన్ నెంబరు తీసుకుంటే, ఆ సైట్ మీద ఏడాదికి ఎంత పని జరిగిందో కంపెనీ దగ్గర లెక్క ఉండనే ఉంటుంది. రెండు మూడు సైట్ల మీద పని చేసేవాళ్ల విషయంలో కొంత చిక్కు ఉంది, దానికి మన చేత ఒక హామీపత్రం రాయించుకోవచ్చు. ఖజానాకి నష్టం అంటారు. ఆ మాటకొస్తే రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకి ఈ పన్ను ఎలాగూ తిరిగి ఇచ్చేస్తున్నారు. ఖజానాకి చివరికి మిగిలేది ఎక్కువగా ఈ చిన్నవాళ్ల దగ్గర పట్టిందే.

కౌన్సిల్ ఆడవాళ్ల మాట వినదని అనుకోనక్కర్లేదు. జి.ఎస్.టి. వచ్చిన కొత్తల్లో శానిటరీ నాప్‌కిన్ల మీద 12 శాతం పన్ను వేశారు. దేశమంతటా ఆడపిల్లలు, మహిళా సంఘాలు గొడవచేస్తే ఏడాది దాటగానే, 2018 జూలై చివర్లో, దాన్ని సున్నా చేశారు. అప్పుడు అడగడానికి ఒక గుంపు ఉంది. ఇంటి నుంచి పని చేసే ఆడవాళ్లు ఎవరింట్లో వాళ్లే. పొలంలో పత్తి తీసే కూలీలు ఒక గట్టు మీద కూర్చుని అన్నం తింటూ రేటు మాట్లాడుకుంటారు, మర్నాడు అందరూ కలిసి మేస్త్రిని అడుగుతారు. వీళ్లకి ఆ గట్టు లేదు.

కౌన్సిల్‌లో కేంద్ర ఆర్థిక మంత్రితో పాటు మన రాష్ట్రం తరఫున కూడా ఒక మంత్రి కూర్చుంటారు. ఎమ్మెల్యేలకి, ఎంపీలకి అర్జీలు ఇవ్వడం మన జిల్లాల వాళ్లకి కొత్త కాదు, మిర్చి ధర పడిపోయిన ప్రతి ఏడూ ఇస్తూనే ఉన్నారు. అర్జీకి జత చెయ్యడానికి బిల్లులు కావాలి. సైట్‌లోకి వెళ్లి మీ పేరు మీద వచ్చిన పన్ను బిల్లులు నెలనెలా దించుకుని ఉంచండి. ఏడాది బిల్లుల్లో జి.ఎస్.టి. పద్దు ఒక్కటే కూడి ఒక కాగితం మీద రాయండి. మా వీధి అమ్మాయి అలా కూడింది. కొన్ని నెలల్లో పని తక్కువగా ఉండబట్టి మొత్తం 3,384 వచ్చింది. ఆ కాగితం మాత్రం మా ఎమ్మెల్యేగారి ఆఫీసులో ఇచ్చి రసీదు తెచ్చుకుంది.